అరలో అన్నం ముద్ద

సాయంకాలం ఆరున్నర అయింది. జపాను రాజధాని టోక్యోలో ఒక కుర్రవాడు బడినుంచి వచ్చి, మళ్ళీ పుస్తకాల సంచీ తగిలించుకుని ట్యూషనుకు బయలుదేరాడు. వాడిది మీ ఈడే అనుకోండి. ట్యూషను చెప్పే బడిని అక్కడ "జుకు" అంటారు. అది ముగిసి ఇల్లు చేరేసరికి తొమ్మిదయినా అవుతుంది. అంతదాకా ఆకలి ఆగుతుందా?

దారిలో వీధి మలుపున ఒక కొట్టు దీపాలతో ధగధగలాడుతున్నది. కుర్రవాడు దగ్గిరికి పోగానే అద్దాల తలుపు దానంతట అదే తెరుచుకున్నది. "ఇరాష్షైమాసె!" అన్నారు లోపలినుంచి. "దయచెయ్యండి" అని దాని అర్థం. వాడు తిన్నగా ఒక అర దగ్గిరికి పోయి, ముక్కోణంగా ఉన్న పొట్లం ఒకటి తీసుకున్నాడు. డబ్బులిచ్చి బయటికి వచ్చి విప్పాడు. అందులో ఉన్నది బిస్కట్టూ కాదు, చాక్లెట్టూ కాదు. అన్నం ముద్ద!

అన్నం ముద్దను కొట్లో కొనుక్కోవటమేమిటని మీ అమ్మమ్మ నవ్వవచ్చు. నవ్వితే తప్పు లేదు. సుమారు యాభై ఏళ్ళ క్రితం జపానులో దీన్ని కొట్లలో అమ్ముదామన్నప్పుడు, ప్రతి ఇంట్లోనూ చేసుకునేదాన్ని డబ్బిచ్చి ఎవరు కొంటారని అక్కడివాళ్ళే అన్నారు. ఈనాడు అటువంటి కొట్లు జపానులో 55 వేలకు పైగా ఉన్నాయి. అంటే రెండువేల పైచిలుకు జనానికి ఒక కొట్టు! అన్నం ముద్ద లేని కొట్టు వాటిలో ఒక్కటీ ఉండదు.

ఈ ముద్ద పేరు "ఒనిగిరి". "నిగిరు" అంటే జపాను భాషలో పిడికిట పట్టి నొక్కటం. చేతులు తడి చేసుకుని, ఉప్పు అద్దుకుని, వేడి అన్నం తీసుకుని, మధ్యలో ఏదన్నా పుల్లనిదో ఉప్పనిదో పెట్టి ముద్ద కడతారు. వెనకటినుంచీ ఎక్కువగా పెట్టేది "ఉమెబోషి". అది ఉప్పులో ఊరవేసి ఎండబెట్టిన పండు. మన ఊరగాయకు దూరపు చుట్టమనుకోవచ్చు. ఒకటి నోట్లో వేసుకుంటే పులుపుకు కన్ను దానంతట అదే మూసుకుపోతుంది. చేప ముక్క పెట్టేవాళ్ళూ, నాచుకూర పెట్టేవాళ్ళూ ఉన్నారు.

ఇది నిన్నా మొన్నా పుట్టిన తిండి కాదు. 1987లో జపాను పడమటి తీరాన, ఇషికావా ప్రాంతంలో ఒక పాత ఊరి దిబ్బ తవ్వుతూంటే బొగ్గులాగా మాడిపోయిన అన్నం ముద్ద దొరికింది. ముక్కోణపు ఆకారం ఇంకా తెలుస్తూనే ఉన్నది. దాని వయస్సు సుమారు రెండువేల ఏళ్ళని తేల్చారు. ఎవరు కట్టారో, ఎవరికోసం కట్టారో గాని, తినవలిసినవాళ్ళు మటుకు తినలేదు.

ఇక మన కుర్రవాడి పొట్లం చూడండి. దాన్ని విప్పటం ఒక విద్య. దాని మీద 1, 2, 3 అని అంకెలు వేసి ఉంటాయి. 1 అని ఉన్నచోట, ముక్కోణపు కొసన, సన్నని పట్టీ ఉంటుంది. దాన్ని కిందికి లాగి, వెనకవైపుగా తిప్పి పూర్తిగా ఊడదీస్తే పొట్లం నిలువునా రెండుగా చీలుతుంది. ఆ తరవాత 2 అని ఉన్న మూలను ఒక పక్కకూ, 3 అని ఉన్న మూలను రెండో పక్కకూ లాగాలి. పల్చని ప్లాస్టిక్కు చేతిలోకి వస్తుంది. అన్నం చుట్టూ నల్లని రేకు ఒకటి అతుక్కుని నిలుస్తుంది. వరస తప్పిందా, రేకు చిరిగి సగం ప్లాస్టిక్కుతోనే పోతుంది. కొత్తగా జపాను వెళ్ళినవాళ్ళలో మొదటిసారే చింపకుండా విప్పినవాళ్ళు బహు తక్కువ.

ఇంత తతంగం దేనికి? వేడి అన్నం మీద అప్పడం పెట్టి మరిచిపోతే ఏమవుతుందో మీకు తెలుసు. ఆ నల్లని రేకు కూడా అంతే. పొడిగా ఉన్నంతసేపూ కరకరలాడుతుంది. అన్నపు తడి తగిలితే మెత్తబడి సాగుతుంది. ఇంట్లో కట్టుకుపోయిన ఒనిగిరికి రేకు ఎప్పుడూ మెత్తగానే ఉండేది. 1978లో కొట్లవాళ్ళు ఒక ఉపాయం చేశారు. అన్నానికీ రేకుకూ మధ్య పల్చని ప్లాస్టిక్కు పొర పెట్టి, తినేముందే రెండూ కలుసుకునేట్టు పొట్లం కట్టారు. మొదట్లో ఇంత సులువుగా విడిపోయేది కాదు. రానురాను మెరుగుపెట్టి ఇప్పటి రూపానికి తెచ్చారు. ఇంట్లో దొరకని కరకర కొట్లో దొరికింది. అటుపైన, "డబ్బిచ్చి ఎవరు కొంటారు?" అనే మాట లేకుండా పోయింది.

ఆ నల్లని రేకు ఏమిటో చెప్పనేలేదు కదూ? దాని పేరు "నోరి". అది సముద్రపు నాచు. నాచును కోసి, సన్నగా తరిగి, కాగితం చేసినట్టే పల్చగా పరిచి ఆరబెడతారు. జపాను జాలరులు కొన్ని వందల ఏళ్ళుగా సముద్రంలో వెదురు కొమ్మలు పాతి దీన్ని పెంచుతూ వచ్చారు. కాని దీనికి విత్తనం ఎక్కడినుంచి వస్తున్నదో ఒక్కరికీ తెలియదు! చలికాలంలో నాచు కొమ్మలకు పట్టుకునేది, ఎండలు రాగానే మాయమయేది. ఒక ఏడు విరగపండేది, మరొక ఏడు ఏమీ ఉండేది కాదు.

ఈ గుట్టు బయటపెట్టినది జపాను మనిషి కాదు. ఇంగ్లండులో మాంచెస్టరు నగరాన ఉన్న కాథ్లీన్ డ్రూ-బేకర్ అనే వృక్షశాస్త్రజ్ఞురాలు. ఆమె తన దేశపు ఒడ్డున దొరికే ఇదే జాతి నాచును పెంచి చూసింది. ఎండాకాలంలో అది చచ్చిపోవటం లేదనీ, ఆల్చిప్పలలోకి దూరి గులాబిరంగు పోగుల రూపంలో బతుకుతున్నదనీ కనిపెట్టి, 1949లో ప్రకటించింది. అంతకు ముందు శాస్త్రజ్ఞులు ఆ పోగులను వేరే మొక్క అనుకుని వేరే పేరు కూడా పెట్టారు. గొంగళిపురుగూ సీతాకోకచిలకా వేరువేరు ప్రాణులనుకున్నట్టన్నమాట! ఈ సంగతి తెలిశాక జపాను శాస్త్రజ్ఞులు ఆల్చిప్పలలో విత్తనం పెంచి, వలలకు పట్టించి, నోరిని పైరులాగా పండించటం సాధించారు. డ్రూ-బేకర్ 1957లో చనిపోయింది. ఆమె జపాను గడ్డ మీద ఎన్నడూ అడుగు పెట్టలేదు. అయినా 1963లో జపాను దక్షిణాన ఉన్న ఉతో అనే ఊళ్ళో ఆమె పేర స్మారకశిల నిలిపారు. ఏటా ఏప్రిల్ 14న అక్కడ ఉత్సవం చేస్తారు. నోరి పండించేవాళ్ళు ఆమెను "సముద్రమాత" అంటారు.

కొట్టు కథ కూడా విదేశంలోనే మొదలయింది. 1927లో అమెరికాలోని డల్లాస్ నగరంలో మంచుగడ్డలు అమ్మే కంపెనీ ఒకటి ఉండేది. మంచు కోసం ఎలాగూ వస్తున్నారు గదా అని పాలూ, రొట్టే, గుడ్లూ కూడా అక్కడే పెట్టి అమ్మసాగారు. 1946 నుంచి ఆ కొట్లను పొద్దున ఏడింటికి తెరిచి రాత్రి పదకొండింటికి మూసేవారు. అందుకని "సెవెన్-ఇలెవెన్" అని పేరు పెట్టారు. టోక్యోలో తొయోసు అనే పేటలో సారా కొట్టు నడుపుకునే ఒక యువకుడు 1974 మే 15న తన కొట్టును ఆ రకం కొట్టుగా మార్చాడు. మొదటి బేరం ఏమిటో తెలుసా? నల్లకళ్ళజోడు! తిండి కాదు. మరుసటి ఏడాదే ఫుకుషిమా ప్రాంతంలో ఒక కొట్టు రాత్రింబగళ్ళు తెరిచి ఉంచటం మొదలుపెట్టింది. ఇలాంటి కొట్లను ఇంగ్లీషులో "కన్వీనియెన్స్ స్టోర్" అంటారు. జపాను వాళ్ళకు అంత పొడుగు మాట దేనికి? "కొంబిని" అని కత్తిరించుకున్నారు.

ఇప్పుడు అసలు చిక్కు చెబుతాను. మీ ఇంట్లో మీరే పరీక్ష చేసి చూడవచ్చు. మధ్యాహ్నం వండిన అన్నం రెండు చిన్న గిన్నెలలో పెట్టి మూతలు వెయ్యండి. ఒకటి ఫ్రిజ్‌లో పెట్టండి, రెండోది బయట ఉంచండి. మూడు నాలుగు గంటలయాక రెండూ వేళ్ళతో నొక్కి చూడండి. ఫ్రిజ్‌లోది గట్టిబడి పలుకులు పలుకులుగా ఉంటుంది. బయటిది ఇంకా మెత్తగానే ఉంటుంది. ఎందుచేత?

బియ్యపుగింజలో ఎక్కువ భాగం పిండిపదార్థం. దాని అణువులు పొడుగాటి గొలుసుల వంటివి. బియ్యంలో ఆ గొలుసులు కట్టెలమోపులాగా బిగువుగా పేర్చి ఉంటాయి. అందుకే బియ్యం కటుక్కుమంటుంది. నీళ్ళు పోసి ఉడికిస్తే మోపు విడిపోతుంది, గొలుసుల మధ్యకు నీరు చేరుతుంది, అన్నం మెత్తబడుతుంది. చల్లారినకొద్దీ గొలుసులు తిరిగి పక్కపక్కకు చేరి, నీటిని నెట్టేసి బిగుసుకోసాగుతాయి. నీరు గడ్డకట్టే చలికి కొంచెం పైన ఈ పని మరీ త్వరగా జరుగుతుంది. మీ ఇంటి ఫ్రిజ్‌లో ఉండేది సరిగా ఆ చలే! గట్టిపడ్డ అన్నాన్ని ఆవిరి మీద వేడిచేస్తే గొలుసులు మళ్ళీ వదులవుతాయి.

ఈ గొలుసులలో రెండు రకాలున్నాయి. కొన్ని తిన్నగా ఉంటాయి, కొన్ని చెట్టుకొమ్మల్లాగా చీలి ఉంటాయి. తిన్నటివి త్వరగా బిగుస్తాయి. జపాను బియ్యపుగింజ పొట్టిది, అందులో తిన్నటి గొలుసులు తక్కువ. అందుచేత ఆ అన్నం జిగురుగా ఉండి ముద్ద విడిపోదు, చల్లారినా కొంతసేపు మెత్తగానే ఉంటుంది. మన సోనామసూరిలో తిన్నటివి ఎక్కువ. పులిహోర పొడిపొడిగా ఉండాలంటే అదే మంచిది. సోనామసూరితో ఒనిగిరి కడితే మటుకు మొదటి కాటుకే చేతిలో రాలిపోతుంది.

చూశారా కొట్టువాడి ఇరకాటం? చలిలో పెడితే అన్నం గట్టిపడుతుంది. వెచ్చగా ఉంచితే సూక్ష్మజీవులు పెరిగి పాడవుతుంది. అందుకని మధ్యేమార్గంగా ఒనిగిరీలనూ, "బెంతో" అనే అన్నపు పెట్టెలనూ సుమారు 20 డిగ్రీల సెంటిగ్రేడులో ఉంచి లారీలలో తెస్తారు. పాలకూ, శాండ్విచ్చిలకూ 5 డిగ్రీల లారీ. ఐస్‌క్రీముకు గడ్డకట్టే చలి లారీ. బిస్కట్లకు మామూలు లారీ. కొట్టు చూడబోతే మీ బడిలో రెండు మూడు తరగతి గదులంత ఉంటుంది, సామాను దాచే చోటు దాదాపు ఉండదు. అన్నం లారీ రోజుకు రెండు మూడుసార్లు వచ్చి పోతూనే ఉండాలి. ఇంత చేసినా 20 డిగ్రీల దగ్గిర ఉంచిన అన్నం ఆయుస్సు గంటల లెక్కే. మన రొట్టె మీద ఫలానా తేదీలోగా తినమని ఉంటుంది. ఒనిగిరి మీద తేదీతోపాటు గంట కూడా వేసి ఉంటుంది.

గడువు గంటల్లో ఉన్నప్పుడు ఎన్ని తెప్పించాలన్నది పెద్ద ప్రశ్న. రేపు వాన పడుతుందా? దగ్గిర బడిలో ఆటలపోటీలున్నాయా? చలి ఎక్కువవుతుందా? కొట్టుయజమాని ఇవన్నీ ఆలోచించి చెప్పాలి. 1982 నుంచి ఏ వస్తువు ఏ గంటకు ఎన్ని పోయిందీ గల్లాపెట్టె దగ్గిర యంత్రమే రాసిపెడుతున్నది. ఆ లెక్క చూసుకుని, ఆకాశం వంక చూసి, అంచనా వేస్తారు. చలి మొదలవగానే కొట్లో బల్ల మీద "ఓదెన్" పాత్ర వెలుస్తుంది. ముల్లంగి, గుడ్డు, చేపపిండి ముక్కలు చారులో మెల్లిగా ఉడుకుతూంటాయి. పక్కనే ఆవిరి మీద ఉడికించిన మెత్తని బన్నులు. బెంతో కొన్నవాళ్ళను, "వెచ్చబెట్టమంటారా?" అని అడుగుతారు. అవునంటే ఒక నిమిషంలో పొగలుకక్కే భోజనం చేతికిస్తారు. టోక్యోలో నిషి-కసాయ్ పేటలో మనదేశంవాళ్ళు చాలామంది కాపురముంటున్నారు. చేప తినని కుటుంబాలవాళ్ళు కొంబినిలో పొట్లం మీది చిన్న అక్షరాలు చదవందే దేన్నీ తీసుకోరు. పైకి కూరగాయలాగే కనిపించినా, చారులో చేప రసం ఉండనే ఉంటుంది!

అర్ధరాత్రి పని ముగించుకున్న టాక్సీ డ్రైవరూ, పరీక్షకు చదివే కాలేజీ కుర్రవాడూ, ఒంటరిగా ఉంటూ ఒక్క మనిషికి పొయ్యి వెలిగించలేని ముసలమ్మా అందరూ ఇక్కడికే వస్తారు. 2011 మార్చి 11న ఈశాన్య జపానులో పెద్ద భూకంపం వచ్చి, సముద్రం ఊళ్ళమీద పడినప్పుడు, కొట్లు కొట్టుకుపోయిన చోట్ల కొంబినివాళ్ళు మోటారు వాహనాల మీద సరుకు పెట్టుకుని పోయి అమ్మారు. 2017లో ప్రభుత్వం పెద్ద కొంబిని కంపెనీలను ఆపదలో దేశానికి సాయపడవలసిన సంస్థల పట్టికలో చేర్చింది. విద్యుత్తు కంపెనీలూ, రైళ్ళూ ఉండే పట్టిక అది. అన్నం ముద్ద వాటి సరసన చేరింది.

మరి అమ్ముడుపోని ముద్ద ఏమవుతుంది?

ఇది అక్కడి పెద్దలను చాలా కాలంగా బాధపెడుతున్న ప్రశ్న. అర ఎప్పుడూ నిండుగా కనిపించాలి, లేకపోతే వచ్చినవాడు పక్క కొట్టుకు పోతాడని భయం. నిండుగా ఉంటే కొన్ని మిగలక తప్పదు. గడువుకు కాస్త ముందుగానే వాటిని తీసి పారవేస్తారు. చెడిపోయినవి కావు, గంట అయిపోయినవి. పారవేసినదాని ఖర్చు చాలామటుకు కొట్టుయజమానిదే. గడువు దగ్గిరపడ్డవాటిని తగ్గించి అమ్ముకుందామంటే ఒక పెద్ద కంపెనీ ఒప్పుకునేది కాదు. అలా అడ్డుపడటం కూడదని 2009లో ప్రభుత్వ వ్యాపార సంఘం ఉత్తరువు చేసింది.

ఫిబ్రవరి మొదటివారంలో జపాను వాళ్ళకు ఒక పండగ వస్తుంది. ఆ రోజు "ఎహోమాకి" అనే పొడుగాటి నోరి చుట్టను, ఆ ఏటి శుభదిక్కుకు తిరిగి, మాట్లాడకుండా తినాలి. అది ఒక్క రోజు ముచ్చట. మర్నాడు ఎవరూ కొనరు. మిగిలినవాటిని గుట్టలు గుట్టలుగా పారవేస్తున్నారని గోల పుట్టి, 2019లో ప్రభుత్వమే, "కావలిసినన్నే చెయ్యండి," అని దుకాణాలకు చెప్పవలసివచ్చింది. జపాను తినేదాన్ని కాలరీలలో లెక్కవేస్తే అందులో స్వదేశంలో పండేది సుమారు 38 వంతులే, నూటికి. అటువంటి దేశంలో 2022లో తినదగిన తిండి 47 లక్షల టన్నులు వృథా అయిందని లెక్కకట్టారు. అయితే నేరమంతా కొట్లది కాదు. అందులో సగం ఇళ్ళలో వృథా అయినదే!

మనుషుల విషయంలోనూ ఇబ్బంది ఉన్నది. రాత్రింబగళ్ళు కొట్టు తెరిచి ఉంచాలంటే ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి గదా. 2019లో ఒసాకా ప్రాంతంలో ఒక యజమాని పనివాళ్ళు దొరక్క రాత్రిపూట కొట్టు మూశాడు. కంపెనీతో తగాదా వచ్చి కోర్టుదాకా పోయింది. నగరాలలో రాత్రి గల్లాపెట్టె దగ్గిర నిలబడేవాళ్ళలో నేపాలునుంచీ, వియత్నాంనుంచీ చదువుకోను వచ్చిన విద్యార్థులు చాలామంది. చదువు జరుగుతుండగా వారానికి 28 గంటలకు మించి పనిచెయ్యరాదని వాళ్ళకు చట్టం ఉన్నది.

2021లో ప్రభుత్వమూ కొంబినివాళ్ళూ కలిసి అరలకు చిన్న కాగితాలు అతికించారు. "వెంటనే తినేటట్టయితే ముందువరసలోది తీసుకోండి" అని వాటి సారాంశం. మనం అందరం చేసే పని ఒకటున్నది. పాలపొట్లం కొనేటప్పుడు చెయ్యి లోపలికి పెట్టి వెనకనుంచి తాజాది లాగుతాం. ముందున్నది అక్కడే ఉండిపోతుంది. 2025లో ఫామిలీమార్ట్ అనే కంపెనీ ఇంకొంచెం ముందుకుపోయింది. ధర తగ్గించిన ముద్దల మీద అతికించే బిళ్ళకు ఒక బొమ్మ వేయించింది. కళ్ళనీళ్ళు పెట్టుకున్న చిన్న ఒనిగిరి, "నన్ను కాపాడండి!" అంటూంటుంది.

మన కుర్రవాడు అర దగ్గిర ఒక పొట్లం తీసుకున్నాడన్నాను గాని, ఏది తీసుకున్నాడో చెప్పలేదు. వెనకవరసలో అప్పుడే లారీ దిగినవి ఉన్నాయి. వాటికి రేపటిదాకా గడువున్నది. ముందువరసలో ఒక్కటే మిగిలింది. దాని మీద కన్నీళ్ళ బొమ్మ ఉన్నది. లోపల ఉమెబోషి. గడువు రాత్రి తొమ్మిదిదాకా. వాడు తినబోయేది ఐదు నిమిషాలలో. వాడు దాన్నే తీసుకున్నాడు. కొన్ని యెన్లు కలిసివచ్చాయి కూడానూ.

జుకు మెట్ల దగ్గిర నిలబడి 1, 2, 3 వరసగా లాగాడు. నోరి చిరగలేదు. మొదటి కాటుకు కరకరమన్నది, మూడో కాటుకు పులుపు తగిలి ఒక కన్ను మూసుకున్నది. లోపల గంట కొట్టారు. వాడు మిగిలినది నోట్లో కుక్కుకుని మెట్లెక్కాడు.